పాత సైకిళ్లు — జీర్ణోద్ధరణము పేర జరుగుచున్న నష్టము

జీర్ణోద్ధరణ మను మాట మన దేశమున పుణ్యకార్యమునకు పర్యాయపదముగ వాడబడుచున్నది. కూలిన గోపురమును నిలిపినవాడును, పూడిన కోనేటిని త్రవ్వించినవాడును ధన్యులని పెద్దలు చెప్పుదురు. కాని ఆ మాట చాటుననే శాసనముల మీద సున్నము కొట్టినవారును, శిల్పముల ముఖముల మీద సిమెంటు మెత్తినవారును గలరు. అట్టివారి చేతిలో పోయినంత చరిత్ర ఎండకును వానకును పోలేదు. నేనిచట చెప్పబూనినది దేవాలయములను గూర్చి కాదు. అమెరికా దేశమున తయారైన పాత సైకిళ్లను గూర్చియు, వానిని సేకరించి బాగుచేయుచున్న వారిని గూర్చియు. వారిలో పెక్కుమంది చేయుచున్నది ఉద్ధరణము గాదు, విధ్వంసము అని నా వాదము.

సైకిలు మీద ఇంత వాదమా, అదియు అమెరికా సైకిలు మీదనా అని కొందరు నవ్వవచ్చును. మన కుటుంబములలో పలువురి బిడ్డలు నేడు ఆ దేశమున ఉద్యోగములు చేయుచు ఇండ్లు కట్టుకొని యున్నారు. సెలవు దినములలో అక్కడి పాతసామానుల సంతలకు పోవుట వారిలో కొందరికిని అలవడినది. అట్టి సంతలలో ఏదో యొక మూల తుప్పు పట్టిన సైకిలు కనబడుచునే యుండును. దానిని కొని ఇంటికి తెచ్చినవాడు మొదట చేయు పని యేమి అనుదానిపై ఆ వస్తువు భవిష్యత్తంతయు ఆధారపడి యున్నది. ఈ మాటలు వారి చెవిని బడుట మంచిది.

మన మెరిగిన సైకిలు వేరు, అది వేరు. మన తండ్రులును తాతలును త్రొక్కినది ఇంగ్లీషు నమూనా: 28 అంగుళముల చక్రములు, చేతిపిడి నుండి ఇనుప కడ్డీలతో రిమ్మునకు దిగు బ్రేకులు, క్రాంకును ఇరుసునకు బిగించు కాటరు పిన్ను. నేను చెప్పు అమెరికా సైకిలులో ఈ మూడును సాధారణముగ నుండవు. పెడలును వెనుకకు త్రొక్కినచో వెనుక హబ్బులోనే బ్రేకు పడును. దానిని కోస్టరు బ్రేకు అందురు. రెండు క్రాంకులును, వాని నడిమి ఇరుసును కలిపి ఒకే ఉక్కు కడ్డీని వంచి చేసినవి. కాటరు పిన్నుతో పని లేదు. ఆ కడ్డీని ఫ్రేములో నుండి తీయు విధమును గూడ ఎరిగి యుండవలెను. ఎడమ పెడలునకే గాక దాని లోపలి వైపు నట్టునకును ఎడమ మర యుండును. విప్పవలెనన్న మామూలుగ బిగించు దిక్కునకు త్రిప్పవలెను. ఈ సంగతి తెలియక సుత్తితో మొదలిడినవాడు క్రాంకును, ఫ్రేమును ఒకేసారి పాడుచేయును.

ఈ సైకిళ్ల వంశము చిన్నది కాదు. 1878లో ఆల్బర్ట్ పోప్ అను వ్యాపారి కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డు నగరమున ఒక కుట్టుమిషనుల కర్మాగారములో, కొలంబియా అను పేర, ఎత్తైన ముందు చక్రము గల సైకిళ్లను చేయింప మొదలిడెను. తరువాత రెండు చక్రములును సమానమైన సైకిలు వచ్చినది. 1890లలో దేశమంతట సైకిలు వెర్రి వ్యాపించి, ఆ దశాబ్దపు చివరి సంవత్సరములలో సాలుకు పది లక్షలకు మించి సైకిళ్లు తయారైనవి. ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరమున సైకిళ్ల దుకాణము పెట్టిన రైటు సోదరులు 1896 నుండి వాన్ క్లీవ్, సెంట్ క్లెయిర్ అను పేర్లతో స్వంత సైకిళ్లను చేసి అమ్మిరి. విమాన ప్రయోగములకు సొమ్ము ఆ దుకాణము నుండియే వచ్చినది. త్రొక్కుచుండగ ఊడిపోని పెడలు మా సైకిలుకు కలదని 1900లో వారు ప్రకటించుకొనిరి. 1899లో మాంట్రియల్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో ఒక మైలు పరుగున గెలిచిన మార్షల్ టేలరు నల్లజాతివాడు. మేజర్ టేలర్ అని ప్రసిద్ధుడు. స్వదేశపు హోటళ్లు ఆతనికి గది యీయ నిరాకరించిన దినము లవి.

పిమ్మట ఆ వెర్రి దిగినది. 1904 నాటికి సాలుసరి తయారీ సుమారు రెండున్నర లక్షలకు పడిపోయెను. పెద్దలు మోటారుకార్లకు మరలగా సైకిలు పిల్లల పాలైనది. ఆర్థిక మాంద్యపు కాలమున ఈ పరిశ్రమకు మరల ఊపిరి పోసినది షికాగో నగరపు ష్విన్ సంస్థ. ఇగ్నాజ్ ష్విన్ అను జర్మను వలసదారు ఆర్నల్డ్ అను భాగస్వామితో కలసి 1895లో దానిని స్థాపించెను. 1933లో ఆ సంస్థ రెండంగుళములకు మించిన లావు గల బెలూను టైరును 26 అంగుళముల చక్రమునకు తొడిగినది. అంతకు పూర్వము అక్కడి సైకిలు టైరు లోపల వేరు ట్యూబు లేని ఒంటి గొట్టము. దానిని రిమ్మునకు జిగురుతో నంటింపవలెను. ముల్లు గ్రుచ్చుకొన్నచో బాగుచేయుట గగనము. కొత్త టైరు వచ్చిన తరువాత పిల్లలు రాయి రప్ప చూడక త్రొక్కిరి. తయారీదారులు ఒకరిని మించి యొకరు ఆ పిల్లల కంటికి ఇంపుగ నుండవలెనని, మోటారుసైకిలు పెట్రోలు ట్యాంకును పోలిన డొల్ల రేకుపెట్టెను ఫ్రేము నడుమ అమర్చి, దానిలో హారనును బ్యాటరీలను దాచిరి. 1949 నాటి ష్విన్ బ్లాక్ ఫాంటమ్, ట్యాంకులో నిజమైన రేడియో గల 1955 నాటి హఫీ రేడియోబైకు, 1963 నాటి స్టింగ్‌రే, 1968 నాటి ఆరెంజ్ క్రేట్ ఇవి యన్నియు ఆ పరంపరలోనివే. ష్విన్ వారి షికాగో కర్మాగారము 1980లలో మూతబడెను. 1992లో సంస్థయే దివాలా తీసెను. పేరు మాత్రము చేతులు మారుచు మిగిలినది.

ఇంత చరిత్రకు నేడు మిగిలిన సాక్ష్యము పుస్తకములలో కొంతయే యున్నది; తక్కినది ఆ సైకిళ్ల మీదనే యున్నది. పిల్లల ఆటవస్తువు అనుకొనినదానికి పూర్తి లెక్కలు వ్రాసి దాచువారెవరు? అమ్మకపు జాబితాలు దొరకును గాని, జాబితాలో బొమ్మ వేసినదంతయు కర్మాగారములో అట్లే జరుగలేదు. ఏ సాలున ఏ హబ్బు బిగించిరి, ఏ రంగు మీద ఏ గీత గీసిరి, ఏ బోల్టు తలపై ఏ గుర్తుండెను అనునవి తేలవలెనన్న, ఎవరును చేయి పెట్టని సైకిలు నొకదానిని చూడవలసినదే. అట్టివి ఏటేట తరుగుచున్నవి. వానిని తరుగజేయుచున్నది తుప్పు కంటె ఎక్కువగ సేకరించువారే.

నష్టములలో ఘోరమైనది నిండు సైకిలును విడదీసి ముక్కలుగ అమ్ముట. ట్యాంకు, దీపము, స్ప్రింగులు గల ముందు ఫోర్కు, వెనుక క్యారియరు, తోలు సీటు వీనిని విడివిడిగ అమ్మినచో వచ్చు సొమ్ము, సైకిలును నిలువున అమ్మినచో వచ్చుదానిని మించుట కలదు. కారణము స్పష్టమే. పిల్లలు మొదట విరుగగొట్టినవి ఆ అలంకారములనే. సొట్టపడిన ట్యాంకును తండ్రి ఊడదీసి గ్యారేజి మూల పడవేసెను. దీపములో బ్యాటరీ కారి రేకును తినివేసెను. పెద్దవాడైన పిల్లవాడు బరువు తగ్గవలెనని మడ్‌గార్డులు పీకివేసెను. కావున ఫ్రేములు అనేకములు మిగిలినవి, ట్యాంకులు కొన్నియే మిగిలినవి. ఇప్పుడు ట్యాంకు లేని ఫ్రేము గలవారు పదిమంది, ట్యాంకున్న సైకిలు ఒకటి. వ్యాపారి ఆ యొక్కదానిని విప్పును. ఒకనికి ట్యాంకు పోవును, ఇంకొకనికి ఫోర్కు, మరొకనికి దీపము. లెక్కకు మూడు సైకిళ్లు బాగుపడినట్లు తోచును. ట్యాంకు దొరికినవానికి దీపము లేదు. దీపము దొరికినవానికి ఫోర్కు లేదు. మూడింటిలో ఒక్కటియు పూర్తి కాలేదు. పూర్తిగ నుండినది ఒక్కటి లేకపోయెను. ఎనుబది సంవత్సరములు కలసి యుండిన భాగములు తపాలాలో నాలుగు రాష్ట్రములకు పోయిన పిమ్మట వానిని మరల ఒకచోట చేర్చు ఉపాయము లేదు.

దీనికి వారు చెప్పు సమాధానము రెండు విధములు. వస్తువు నాది, డబ్బిచ్చి కొంటిని అనునది మొదటిది. నిజమే, చట్టము వారిని తప్పు పట్టదు. తాతగారి తాళపత్రపు కట్టను ఆకునకొకరికి పంచిపెట్టినవాడును అదే మాట చెప్పగలడు. అందులోని కావ్యమును చదువువాడు మాత్రము ఇక నుండడు. రెండవది కొంత యోచింపదగినది: విప్పకున్నచో తక్కిన సైకిళ్లకు భాగములు ఎట్లు వచ్చును? వచ్చు మార్గమున్నది. కారు క్రిందబడి ఫ్రేము వంగిపోయినవి, నీటిలో మునిగి గొట్టములు చిల్లులు పడినవి, ఎవరో ఎన్నడో సగము విప్పి పారవేసినవి కావలసినన్ని కలవు. వానిని విప్పుము, ఎవరు వలదనిరి? చచ్చిన గొడ్డు తోలును చెప్పునకు వాడుటకు, చెప్పు కావలెనని పాడి ఆవును నరకుటకు భేదము లేదా?

ముక్కలలో మిక్కిలి చిన్నదైన పేరుబిళ్ల కథ వేరు. హ్యాండిలుబారు క్రింద, ముందు గొట్టము మీద బిగించిన ఇత్తడి లేక అల్యూమినియము బిళ్ల అది. అమెరికాలో ఒకే కర్మాగారము పెక్కు పేర్లతో సైకిళ్లు చేసి యిచ్చెడిది. సియర్స్ దుకాణములవారు ఎల్గిన్ అనియు, తరువాత జె.సి. హిగ్గిన్స్ అనియు, మాంట్‌గోమరీ వార్డు వారు హాథార్న్ అనియు, వెస్టర్న్ ఆటో వారు వెస్టర్న్ ఫ్లయర్ అనియు అమ్మిరి. ఇవి దుకాణముల పేర్లే గాని తయారీదారుల పేర్లు గావు. బిళ్ల దుకాణము పేరు చెప్పును. ఆ బిళ్ల కొరకు గొట్టమునకు కొట్టిన రంధ్రముల నడిమి దూరమును, అవి నిలువుగ నున్నవా అడ్డముగ నున్నవా అనునదియు కర్మాగారపు జాడ చెప్పును. ఫ్రేము అడుగున పొడిచిన అంకెలు సంవత్సరమును ఊహించుటకు తోడ్పడును. మూడును ఒకేచోట నున్నప్పుడే అది సాక్ష్యము. నేడు బిళ్లలను మాత్రమే సేకరించువారు గలరు. గాజుపెట్టెలో సీతాకోకచిలుకలను గ్రుచ్చినట్లు గ్రుచ్చి పెట్టుకొందురు. ఊడి దొరికిన బిళ్లను దాచుకొన్నచో దోషము లేదు. ఆ బిళ్ల కొరకై మంచి సైకిలు నుదుట బొట్టు చెరుపుట మాత్రము సహింపరానిది. ఫ్రేము అనామకమగును, గాజుపెట్టెలోని బిళ్ల దేని మీదనుండి వచ్చెనో కొన్నవానికే కొన్నాళ్లకు గుర్తుండదు.

మన యిండ్లలో ఇత్తడి కంచు పాత్రల మీద చుక్కలతో పేర్లు చెక్కించు ఆచారము కలదు. తరతరములుగ పరప్రాంతమున కాపురమున్న కుటుంబములలో ముత్తవ్వ పుట్టినింటి పేరు అట్టి గిన్నె అంచు మీద తప్ప మరెచ్చటను మిగిలి యుండకపోవచ్చును. ఆ గిన్నెను చింతపండుతో తోమవచ్చును. లోపల కళాయి పూయింపవలెను. పూయింపకున్న అందు కాచిన పులుసు చేదెక్కి విషతుల్యమగును. కాని కొత్తదానివలె మెరయవలెనని అంచు మీది అక్షరములను సానబట్టించినవానిని ఏమందుము? సైకిలు విషయమున నేను కోరుచున్న విచక్షణ ఇంతకు మించినది కాదు. టైరు, ట్యూబు, గ్రీజు, బేరింగు గుండ్లు ఇవి కళాయి వంటివి, అరిగినప్పుడెల్ల మార్చవలసినవే. మొదటి రంగు, గీతలు, బిళ్ల, అంకెలు ఇవి అక్షరములు.

అయినను పునరుద్ధరించితిమని చెప్పుకొనువారిలో పెక్కుమంది మొట్టమొదట చేయు పని ఆ రంగును ఇసుకపోటుతో గీకివేయుట. యుద్ధమునకు పూర్వపు సైకిళ్ల మీది సన్నని గీతలలో అనేకములు పనివారు కుంచెతో చేతి వాటమున గీసినవి. దగ్గరగ చూచినచో గీత మొదలైనచోట లావును, చేయి ఎత్తినచోట సన్నదనమును కనబడును. అది గీసినవాని సంతకము వంటిది. ఇసుకపోటుతో అది అర నిమిషములో పోవును. పైన పొడి రంగు చల్లి కొలిమిలో కాల్చుదురు. ఆ పూత దళసరిగ నుండుటచే ఫ్రేము మీద పొడిచిన అంకెలు పూడి చదువరాకుండ పోవును. ఆ మీద స్టిక్కరు గీత. ముందు వరుసలో నిలబెట్టి బహుమానము పుచ్చుకొందురు. వారిలోనే వివేకవంతులు చెప్పు మాట యొకటి కలదు: ఏ వస్తువైనను ఒక్కసారియే అసలుదై యుండును. ఆ మాటను అందరును తలయూపి విందురు. విన్న మరునాడు రంగు గీకుదురు.

ఈ అజ్ఞానమునకు నేను చూపు గొప్ప ఉదాహరణము యుద్ధకాలపు సైకిలు. 1942లో అమెరికా ప్రభుత్వము పిల్లల సైకిళ్ల తయారీని నిలిపివేసి, పెద్దలకు తేలికైన ఒక నమూనాను మాత్రము అనుమతించి, దానిని రేషనులో నుంచినది. దానికి విజయ సైకిలు అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. క్రోమియము, నికెలు, రాగి యుద్ధసామగ్రికి కావలసి యుండుటచే సైకిలు మీద తళతళలాడు పూతలు పోయినవి. హబ్బులు, క్రాంకులు, హ్యాండిలుబారులు నలుపు పూతతోనో, రంగుతోనో వెలువడినవి. సైన్యము కొరకు వెస్ట్‌ఫీల్డు, హఫ్‌మన్ సంస్థలు చేసిన సైకిళ్లు ఆకుపచ్చ కలసిన మట్టిరంగుతో పోయినవి. ఒక దేశము యుద్ధమున ఏ వస్తువునకు ఎంత కరవు పడెనో చెప్పుటకు గ్రంథములు అక్కరలేదు; నల్లని ఆ హ్యాండిలుబారును ముట్టి చూచిన చాలును. ఇట్టి సైకిలు చేతికి చిక్కగనే మన ఉద్ధారకుడు ఏమి చేయును? నల్లని భాగములన్నియు విప్పి క్రోమియము పూత వేయించును. రాగి, దాని మీద నికెలు, దాని మీద క్రోమియము — అనగా యుద్ధకాలమున నిషేధింపబడిన మూడు లోహములను ఏరి కోరి అద్దించును. వేలకొలది డాలరులు వెచ్చించి ఆ సైకిలు చేత అబద్ధము చెప్పించును. పైగా అది మునుపటికంటె అందముగ నున్నదని మురియును. అందమే కావలెనన్న, కొత్త సైకిలు కొనుక్కొనవచ్చును గదా!

తుప్పును అట్లే యుంచుట సోమరితనము, మురికిని పూజించుట అని వారు మమ్ము ఎత్తిపొడుతురు. తుప్పును ఉంచుమని నేననలేదు. తుప్పు తీయుటకు రంగు తీయనక్కరలేదని మాత్రమే నా మాట. నీటిలో కొద్దిపాటి ఆక్సాలిక్ ఆమ్లము కలిపి, విప్పిన భాగమును కొన్ని గంటలు నానబెట్టినచో తుప్పు కరగును, రంగు నిలుచును. కొన్ని రంగులకు ఆ ఆమ్లము పడదు. కావున సీటు గొట్టము వంటి కనబడని చోట మొదట చుక్క వేసి చూడవలెను. జింకు పూత గల వస్తువులను అందులో ముంచరాదు. అది విషము, చేతికి రబ్బరు తొడుగులు వేసికొని, పిల్లలకు దూరముగ చేయవలసిన పని, తరువాత వంటసోడా కలిపిన నీటితో కడిగి వెంటనే తుడిచి నూనె పట్టింపవలెను. క్రోమియము మీద లేచిన తుప్పు చుక్కలకు అల్యూమినియము రేకుకాగితమును ఉండగ నలిపి నీటిలో తడిపి రుద్దిన చాలును. నాలుగు ఆదివారములు ఓపికగ కూర్చుండినచో చెత్తకుప్ప వలె నుండిన సైకిలు తన మొదటి యెరుపును తాను బయట పెట్టును. ఆ యెరుపు ఏ కార్ఖానాలోను నేడు దొరకదు. సోమరి యెవడు? నాలుగు ఆదివారములు కూర్చున్నవాడా, చెక్కు వ్రాసి యిచ్చి మెరుగు పెట్టించుకొని వచ్చినవాడా?

రంగు పూర్తిగ పోయి, ఎవడో ఇంటి తలుపునకు వేయగ మిగిలిన పెయింటు నాలుగు పూతలు పూసిన ఫ్రేముల సంగతి వేరు. వానిని గీకి, కొత్త రంగు వేయుటకు నాకు అభ్యంతరము లేదు. అచట చెరుపుటకు ఏమియు మిగులలేదు.

చక్రముల విషయమున ఒక చిక్కు చెప్పక తప్పదు, ఏలయన అమాయకులు ఎక్కువగ మోసపోవునది ఇచటనే. ష్విన్ సంస్థ చాల కాలము 26 × 1¾ అని భిన్నముతో గుర్తించిన టైరును వాడినది. నేడు అంగడిలో దొరకునది 26 × 1.75 అని దశాంశముతో గుర్తించినది. లెక్కల మాస్టరునకు రెండును ఒకటే. రిమ్మునకు మాత్రము కావు: మొదటిది 571 మిల్లీమీటరుల రిమ్ముది, రెండవది 559 మిల్లీమీటరులది. కొత్త టైరు ఎంత లాగినను ఎక్కదు. అప్పుడు కొన్నవాడు రిమ్ము చెడినదని తలచి, అసలు చక్రములను చెత్తలో వేసి, కొత్త చక్రములు తెచ్చి తగిలించును. సరియైన కొలత టైరు వెదకినచో దొరకును. అట్లే 1930ల, 1940ల సైకిళ్లలో పెక్కింటికి గొలుసు అంగుళపు ఎడము గలది. పళ్లచక్రమున పన్నుకు పన్నుకు నడుమ వెడల్పైన సందుండును. నేటి అర అంగుళపు గొలుసు దాని మీద నడువదు. గొలుసు దొరకలేదని పళ్లచక్రమును మార్చినవాడు, తీసినదానిని సంచిలో కట్టి సైకిలుతోనే యుంచినచో క్షమింపదగును. పారవేసినచో కాదు.

నకలు భాగములను గూర్చి నా అభిప్రాయము మిత్రులకు గూడ రుచింపలేదు. నకళ్లు చేయువారిని దొంగలనువారు గలరు; నేననను. రబ్బరు పిడులు, పెడలు దిమ్మలు, సీటు గుడ్డలు కొత్తగ చేయువారు లేనిచో ఈ సైకిళ్లలో సగము రోడ్డెక్కవు. నకలు ట్యాంకులు చౌకగ దొరకినకొలది నిండు సైకిలును విప్పవలెనను దురాశ తగ్గును. తప్పు నకలుది గాదు, గుర్తు లేని నకలుది. 1968 నుండి వచ్చిన క్రేట్ సైకిళ్లకు — ముందు 16 అంగుళముల చిన్న చక్రము, ఫ్రేము మీద కారు గేరు వంటి పిడి గలవి — నేడు గిరాకి మెండు. కనుక మామూలు స్టింగ్‌రే ఫ్రేమునకు నకలు భాగములు తగిలించి క్రేట్ అని అమ్ముచున్నారు. ష్విన్ పేరు గలవారు 1995లో సంస్థ నూరేండ్ల పండుగకు బ్లాక్ ఫాంటమ్‌ను తామే మరల విడుదల చేసిరి. దానిని కొత్తదని చెప్పియే అమ్మిరి గనుక ఎవరికిని మోసము జరుగలేదు. దాని భాగములు పాత ఫాంటమ్‌ల మీదికి చేరుట మాత్రము ఎవరి ప్రకటనయు లేకయే జరుగును. నకలు చేయువాడు లోపలి వైపున సంవత్సరమును పొడిచినచో ఈ పీడ వదలును. ఎక్కువ ఖర్చు గాదు. చేయకుండుట వలన లాభమున్నది గనుకనే చేయుట లేదు.

సైకిలు త్రొక్కుటకే గదా, మ్యూజియమున పెట్టుటకా అని అడుగువారు కాలిఫోర్నియా కథను ముందుకు తెత్తురు. అది మంచి కథయే. 1970లలో మారిన్ కౌంటీలోని కొందరు యువకులు యుద్ధపూర్వపు ష్విన్ ఫ్రేములను కారుచౌకగ కొని, ట్యాంకులు మడ్‌గార్డులు ఊడబీకి, కొండదారులలో దిగిరి. 1976లో ఫెయిర్‌ఫాక్స్ సమీపమున ఒక పందెము మొదలైనది. దాని పేరు రీప్యాక్. ఆ నిటారు దిగుడున కోస్టరు బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు పొగయై పోగా, ప్రతి దిగుడు తరువాత మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. 1977లో జో బ్రీజ్ అనునతడు ఆ పనికి తగిన కొత్త ఫ్రేమును స్వయముగ నిర్మించెను. నేటి మౌంటెన్ బైకునకు మూలమది. పాత సైకిళ్లను విప్పకున్న ఇది పుట్టెడిదా అని వారి ప్రశ్న. పుట్టెడిది కాదేమో. కాని ఆ కుర్రవారు విప్పినవి ఆనాడు ఎవరును కోరని ఇనుపసామాను. విప్పి వారు ఒక కొత్త వస్తువును పుట్టించిరి. నేడు విప్పువాడు పుట్టించునది ఒక బిల్లు.

త్రొక్కుటకును కాపాడుటకును వైరము లేదని చూపినవారు గలరు. 1967లో ఏర్పడిన వీల్‌మెన్ అను సంఘమువారు ఎత్తుచక్రపు సైకిళ్లను నేటికిని బయటికి తీసి, వరుసలు కట్టి త్రొక్కుదురు. రబ్బరు కొత్తది, ఇనుము పాతది. ఒహాయో రాష్ట్రపు న్యూ బ్రెమెన్ అను చిన్న ఊరిలోని సైకిలు మ్యూజియము 1997లో ష్విన్ కుటుంబపు సేకరణమును సంపాదించినది. సంస్థ దివాలా తీసినను ఆ సైకిళ్లు సంతపాలు గాలేదు. అంతకు పూర్వము, 1937లో, హెన్రీ ఫోర్డు డేటన్‌లోని రైటు సోదరుల దుకాణపు భవనమునే విప్పించి మిషిగన్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజికి తరలించెను. ఊరినుండి పెకలించుట తప్పని కొందరందురు, నాకును కొంత అట్లే తోచును. అయినను ఆయన ఇటుకలను ఒకరికి, తలుపులను ఒకరికి అమ్ముకొనలేదు.

ఇన్నూరు సైకిళ్లను కొట్టములో కుప్పవేసి, త్రొక్కక, చూపక, అమ్మక కూర్చున్న లోభులను గూర్చి వేరుగ వ్రాయనక్కరలేదు. కప్పు కారుచున్నంత కాలము వారు విప్పి అమ్మువారికంటె మంచివారేమియు కారు.

మన పిల్లలలో ఎవరైనను అట్టి సైకిలును కొనబోవుచున్నచో మొదట అడుగవలసినది ధర గాదు. ఇది ఎవరి యింటిది, ఎన్నాళ్లు అచట నుండెను, దీని మీదనుండి ఏమైన తీసితిరా, తీసినది ఎచట నున్నది అని అడుగవలెను. మొదటి యజమాని బంధువులు అమ్ముచున్నచో వారికి తెలిసినదంతయు వ్రాసికొనవలెను. ఏ వీధిలో పత్రికలు పంచిరి అనునది సైతము. ఇంటికి తెచ్చిన పిమ్మట, నీళ్లు పోయకమునుపే అన్ని వైపుల ఫోటోలు తీయవలెను. విప్పిన ప్రతి భాగమును, పనికిరాని నట్టుతో సహా, పేరు వ్రాసిన సంచిలో ఉంచవలెను. కొన్న తేది, కొన్న ఊరు, ఫ్రేము మీది అంకెలు, మార్చిన భాగములు, వానిలో నకలు ఏది అనునది ఒక చీటిపై పెన్సిలుతో వ్రాసి — సిరా తడికి పోవును — మైనపు కాగితమున చుట్టి సీటు క్రింది గొట్టములో జారవిడువవచ్చును. సీటు కంబము తీసినవాడెవడైనను దానిని చూడక మానడు.